చికెన్ వండే రోజు కుక్కకు అన్నం

కుక్క వాటా ముక్కలు మసాలా కలపకముందే తీసేయండి. కూర ఉడికాక ముక్కను కడిగి పెట్టినా లాభం లేదు, ఉల్లి, వెల్లుల్లి రసం అందులో దిగిపోయి ఉంటుంది. అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు.

ఎముకల్లేని చికెన్ 250 గ్రాములు, కడిగిన బియ్యం అరకప్పు, ఒక క్యారెట్ తురుము, నీళ్లు రెండున్నర కప్పులు. కుక్కర్లో 4 విజిళ్లు చాలు. ఉప్పూ కారం వద్దు. చల్లారాక బాగా మెదపండి, లేకపోతే ముక్కలు ఏరుకుని అన్నం వదిలేస్తుంది.

ఉడికిన ఎముక మాత్రం ఎంత బతిమాలినా వేయకండి: పెళుసుగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. మొదటిసారి రోజూ తినే తిండిలో కొంచెమే కలపండి, విరేచనాలు పట్టుకోకుండా. రోజూ ఇదే పెడితే కాల్షియం చాలదు, పశువైద్యుణ్ణి అడగాల్సిందే.