ఇంటి లెక్కలు కొత్త ప్రోగ్రాంలోకి - 3వ పాఠం: బ్యాలెన్స్ కలిసినా నమ్మొద్దు

పోయిన పాఠంలో పాత ప్రోగ్రాం నుంచి క్యూఐఎఫ్ ఫైళ్లు (లావాదేవీలను వరుసలుగా రాసి ఉంచే మామూలు టెక్స్ట్ ఫైళ్లు) తీసి పెట్టుకున్నాం కదా, ఇప్పుడు వాటిని మన కొత్త లెక్కల ప్రోగ్రాం గ్నూక్యాష్‌లోకి ఎక్కిద్దాం. ముందు ఒక కొత్త ఖాళీ ఫైలు తెరవండి. ఇప్పటికే లెక్కలున్న ఫైలు మీద ప్రయోగాలు వద్దు.

ఇంపోర్ట్ నొక్కే ముందు క్యూఐఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో ఒకసారి చూడండి. డీతో మొదలయ్యే వరుస తేదీ, టీ మొత్తం, పీ ఎవరికిచ్చామో ఆ పేరు, ఎల్ ఏ ఖర్చో చెప్పేది, ఒక్కో లావాదేవీ చివర ^ గుర్తు, అంతే. చిక్కల్లా డీ దగ్గరే. రోజు ముందా నెల ముందా అన్నది ఈ ఫైల్లో ఎక్కడా రాసి ఉండదు.

అనంతపురంలో ఒక ఇంటి లెక్క అనుకుందాం. ఉగాది సరుకులు 4,200, తేదీ 09/04/2024. అమెరికా పద్ధతిలో చదివితే అది సెప్టెంబర్ 4, అంటే ఉగాది సరుకులు కాస్తా వినాయక చవితి వారంలో కొన్నట్టు తేలతాయి! 13 నుంచి పైతేదీలు అలా తిరగబడవు కాబట్టి ఫైల్లో అలాంటిది ఒక్కటున్నా ప్రోగ్రాంకి వరుస తెలిసిపోతుంది, కానీ నెల మొదట్లోనే తీసిన చిన్న ఫైలైతే గ్నూక్యాష్ మిమ్మల్నే అడుగుతుంది, అక్కడ చూడకుండా నెక్స్ట్ నొక్కేస్తే పని చెడినట్టే. పైగా తేదీలు మారినా మొత్తాలు మారవు గనక చివరి బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది, మనం సంబరపడిపోతాం. అందుకే పాస్‌బుక్ పక్కన పెట్టుకుని ప్రతి నెలాఖరు బ్యాలెన్స్ చూడండి. మొదట తేడా వచ్చిన నెలలోనే వెతకాలి.

చివరి బ్యాలెన్సే కలవకపోతే? ఆ తేడా అంకె రాసుకోండి. సరిగ్గా ఆ మొత్తం లావాదేవీ ఒకటి ఉంటే అది రాలేదు, లేదా రెండుసార్లు వచ్చింది. లేదంటే తేడాను సగం చేసి వెతకండి, ఖర్చు జమగా పడిందేమో (ఈ చిట్కా పాత గుమాస్తాలందరికీ తెలుసు).

రెండుసార్లు రావడానికి మామూలు కారణం ఖాతాల మధ్య బదిలీలు. ఏటీఎంలో 10,000 తీస్తే అది బ్యాంకు ఫైల్లోనూ, నగదు ఫైల్లోనూ ఉంటుంది. ఎల్ వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య అవతలి ఖాతా పేరు కనిపిస్తే అది బదిలీ అని గుర్తు. పేరులో ఒక్క స్పేస్ తేడా ఉన్నా అది వేరే ఖాతా కిందకే పోతుంది, కాబట్టి పేర్లు ముందే సరిచేయండి. ఆ తర్వాత అన్ని ఫైళ్లూ ఒకే ఇంపోర్ట్‌లో లోడ్ చేయండి, గ్నూక్యాష్ జంటల్ని చాలావరకు తనే పట్టుకుంటుంది. విడివిడిగా ఎక్కించి, తర్వాత చేత్తో ఏరడం వృథా టెన్షన్.

వచ్చే పాఠం సీఎస్‌వీ, అంటే కామాలతో గడులు విడదీసిన టెక్స్ట్ ఫైలు. అప్పటిదాకా మీ బ్యాంకు సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్లు కుదించుకుపోయి అలాగే సేవ్ అవుతాయి. నోట్‌ప్యాడ్‌లో మాత్రం తెరిచి, 1,25,000 లాంటి అంకెల చుట్టూ కొటేషన్ గుర్తులు ఉన్నాయో లేదో చూసి పెట్టుకోండి.