రెండొందల ఒకటో యూనిట్ దగ్గరే ఉంది అసలు సంగతి

కరెంటు బిల్లు తగ్గించుకోవాలంటే ముందు లైట్లు ఆపడంతో మొదలుపెట్టకండి. పాత బిల్లు ఒకటి తీసి ముందు పెట్టుకోండి, అందులో రెండే చూడండి: ఆ నెల ఎన్ని యూనిట్లు కాలాయి, రీడింగు ఏ తారీఖున తీశారు. ఈ రెండూ తెలియకుండా ఎంత పొదుపు చేసినా చీకట్లో వెతుకుతున్నట్టే ఉంటుంది. నేను నాలుగేళ్లు అలాగే వెతికాను.

తెలంగాణలో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్లు ఇలా ఉన్నాయి. నెలకు వంద యూనిట్ల లోపు అయితే మొదటి 50కి యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. వంద దాటి రెండొందల లోపు ఉంటే మొదటి వందకీ 3.40, మిగతా వాటికి 4.80. రెండొందలు దాటితే మొదటి రెండొందలకీ 5.10, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. దాటిన యూనిట్లకే కదా ఎక్కువ రేటు అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కాదు, గీత దాటగానే వెనకటి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు, 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయలు! వంద దగ్గరా అంతే, 252.50 ఉన్నది 101కి 344.80 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వీటికి అదనం. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి.

తెల్లకార్డు ఉండి, తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేవాళ్లు అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే, దాటిన నాలుగు యూనిట్లకి మాత్రమే కాదు.

అందుకే నెల చివర బిల్లు చూసి బాధపడే బదులు మధ్యలోనే మీటరు చూడాలి. రెండొందలంటే రోజుకు ఆరున్నర యూనిట్ల పైచిలుకు. కిందటి రీడింగు బిల్లు మీదే ఉంటుంది. రీడింగు తీసిన ఇరవయ్యో రోజున మీటరులో కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని చూపించే అంకెలోంచి దాన్ని తీసేయండి, 133 లోపు వస్తే టెన్షన్ లేదు. 150 వచ్చిందా, మిగిలిన పది రోజులు గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె దగ్గర చేయి పట్టుకుని వాడండి. ఈ ఒక్క అలవాటుతో మా ఇంట్లో ఎండాకాలం తప్ప మిగతా నెలలన్నీ గీత లోపలే ఉంటున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. అక్కడ అందరికీ ఒకే వరస శ్లాబులు, అంటే రేటు మెట్లు: 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. వెనకటి యూనిట్ల రేటు మారదు కాబట్టి గీత దగ్గర ఆ దెబ్బ ఉండదు. కానీ 225 తర్వాత తగ్గించే ప్రతి యూనిటూ 8.75 మిగులుస్తుంది.

ఇక ఎక్కడ పోతోందో పట్టుకోవాలి కదా, దానికి ఏ పరికరమూ కొనక్కర్లేదు, మీటరు మీద మెరిసే చిన్న ఎర్రలైటు చాలు. దాని పక్కన 3200 ఇంప్ (imp) అనో 1600 ఇంప్ అనో రాసి ఉంటుంది, అంటే అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. 3200 మీటరైతే 1125ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగించండి, ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. 1600 అయితే 2250ని భాగించండి.

ఒక రాత్రి ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి, మెట్ల కింద మీటరు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అన్నీ ఆపాం కాబట్టి లైటు మెరవకూడదు. సరిగ్గా పదిహేను సెకన్లకోసారి మెరుస్తోంది, అంటే 75 వాట్లు ఎటో పోతున్నాయి. మా ఆవిడ పైన ఒక్కో ఎంసీబీ (ఒక్కో లైనుకు ఉండే బ్రేకరు స్విచ్చి) దించుతూ పోయింది, మూడోది దించగానే మెరుపు ఆగింది. అది ఇన్వర్టర్ లైను. బ్యాటరీకి ఐదేళ్లు దాటాయి, డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్లయిందో గుర్తు కూడా లేదు, నిండని బ్యాటరీని ఇరవై నాలుగు గంటలూ నింపుతూనే ఉంది. 75 వాట్లంటే నెలకు 54 యూనిట్లు. మా అసలు వాడకం 180, దీంతో కలిసి 234. ఆ 54 యూనిట్ల కోసం నెలకు 557 రూపాయలు ఎక్కువ కట్టాం, ఆ కాలమంతా పిల్లల్ని లైటు ఆపలేదని కోప్పడుతూ. బ్యాటరీ మార్చిన నెలే తేడా కనిపించింది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఈ పరీక్ష ఈ రాత్రే చేయండి.

పెద్ద వస్తువుల్లో మొదటిది గీజరు. 2000 వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. పదిహేను లీటర్ల నీళ్లు స్నానానికి సరిపడా కాగడానికి పావుగంట చాలు, పొద్దున్నే లేచి వేసి మర్చిపోవడం వల్లే అసలు ఖర్చు. స్నానాలు ఒకరి తర్వాత ఒకరు కానిచ్చేస్తే మళ్లీ మళ్లీ కాగాల్సిన పని ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి, గీజరు ఎంసీబీ దించేయండి.

మోటారు సంగతి ఎవరూ పట్టించుకోరు. ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో గడియారం పెట్టి చూసుకోండి. ఇరవై నిమిషాల్లో నిండేది నలభై పడుతోందంటే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ లీకు కావచ్చు, బోరులో నీళ్లు దిగిపోయి ఉండొచ్చు, కరెంటు మాత్రం రెట్టింపు కాలుతుంది. బాత్రూం ఫ్లష్ ట్యాంకులో సన్నగా కారే నీళ్లూ మోటారు బిల్లే, వాషర్ మారిస్తే పోతుంది.

ఫ్యాన్లు చిన్నవిగా కనిపిస్తాయి గానీ మన ఇళ్లలో అవి ఆగవు. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ (BLDC) మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. అన్నీ ఒకేసారి కొనకండి, హాల్లోదో పడకగదిలోదో, ఎక్కువ తిరిగేది ముందు మార్చండి. పెట్టిన డబ్బు శ్లాబును బట్టి ఒకటిన్నర నుంచి రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది. ఎడాపెడా వేడెక్కే పాత డబ్బా రెగ్యులేటర్ ఉంటే దాన్ని తీసి ఎలక్ట్రానిక్‌ది పెట్టించండి, పాతదానితో స్పీడు తగ్గించినా కరెంటు పెద్దగా తగ్గదు.

ఏసీని 26 దగ్గర పెట్టి పైన ఫ్యాను రెండులో తిప్పండి. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అవుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతోంది. ఎండాకాలంలో ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి. ఫ్రిజ్ తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. మిక్సీ, ఫోన్ చార్జర్ల గురించి బెంగ పెట్టుకోకండి, వాటిలో తగ్గేదేమీ లేదు.

ఒకే మీటరు మీద రెండు కుటుంబాలున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, కింద ఓనరు, పైన అద్దెకున్నవాళ్లు, మధ్యలో సబ్‌మీటరు. తెలంగాణలో చెరో 150 కాలిస్తే ఆ మీటరు మీద 300, బిల్లు 1,790. విడి మీటర్లయితే ఒక్కొక్కరికి 580, ఇద్దరికీ కలిపి 1,160. సబ్‌మీటరు పంచుకోవడానికే పనికొస్తుంది, శ్లాబును మార్చదు. వంటిల్లు, దారి విడిగా ఉన్న పోర్షన్ అయితే కొత్త కనెక్షన్ అడగమని ఓనరుతో మాట్లాడండి, ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మా ఓనరుగారు రెండో మాట లేకుండా ఒప్పుకున్నారు. ఒకే కుటుంబం ఉన్న ఇంటికి రెండు మీటర్లు పెట్టించే ఆలోచన మాత్రం వద్దు, తనిఖీలో రెండూ కలిపేస్తారు.

నెలకు 300 దాటి కాలుతూ, సొంత డాబా ఉండి, దాని మీద నీడ పడకపోతే సోలార్ చూడండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కి 30 వేలు, 2కి 60 వేలు, 3 ఆపైన 78 వేలు సబ్సిడీ వస్తుంది. 1 కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. పథకంలో నమోదైన వెండర్‌తోనే వేయించుకోండి, దేశీయ సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే సబ్సిడీ, అవే వేస్తామని అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. అయితే ముందు ఇన్వర్టర్, మోటారు లీకులు సరిచేసి, రెండు నెలలు మీటరు చూసి, ఆ తర్వాత ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోండి, లేకపోతే పోయే కరెంటుకి కూడా ప్యానెళ్లు కొన్నట్టవుతుంది.