బటన్ నొక్కినా రాకెట్ లేవడం లేదా? బ్యాటరీ సంగతి చూడండి

అమెరికాలో సెలవు రోజున పిల్లలతో మోడల్ రాకెట్లు ఎగరేసే మన వాళ్ళకు ఈ టెన్షన్ కొత్త కాదు. కౌంట్‌డౌన్ అయిపోతుంది, బటన్ నొక్కుతారు, రాకెట్ మాత్రం ఉలకదు పలకదు. వెంటనే లాంచ్ ప్యాడ్ దగ్గరికి పరిగెత్తకండి. కంట్రోలర్ (చేతిలోని బటన్ డబ్బా) నుంచి సేఫ్టీ కీ బయటికి తీసి 60 సెకన్లు ఆగాలి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమం ఇది. ఆ నిమిషంలో కింది వాటిలో మీ సమస్య ఏదో ఆలోచించుకోవచ్చు.

లైటు వెలుగుతుంది, బటన్ నొక్కగానే డిమ్ అయిపోతుంది

నూటికి తొంభై సార్లు సమస్య ఇదే అంటాను. కంట్రోలర్ మీది లైటుకు బొటాబొటి కరెంటు చాలు కాబట్టి, చచ్చిపోతున్న సెల్స్‌తో కూడా వెలుగుతుంది. ఇగ్నైటర్, అంటే కరెంటుతో వేడెక్కి రాకెట్ మోటార్‌లోని మందును అంటించే చిన్న తీగ, దాని తీరు వేరు. మోడల్ రాకెట్ల కంపెనీ ఎస్టెస్ ఇగ్నైటర్ రెసిస్టెన్స్ సుమారు ఒక ఓం లోపే ఉంటుంది. అది గుప్పున మండాలంటే దాదాపు 2 యాంపియర్లు కావాలి.

ఇక్కడ లెక్క చూడండి. నాలుగు ఏఏ ఆల్కలైన్ సెల్స్ కలిపితే 6 వోల్టులు. కొత్తగా ఉన్నప్పుడు వాటి లోపలి రెసిస్టెన్స్ అంతా కలిపి ఒక ఓం అనుకుందాం, ఇగ్నైటర్‌ది 0.7, వైరూ క్లిప్పులూ కలిపి 0.4. ఆరుని 2.1తో భాగిస్తే 2.9 యాంపియర్లు. రాకెట్ లేస్తుంది. సెల్స్ సగం వాడేశాక వోల్టేజీ 5కి దిగి, లోపలి రెసిస్టెన్స్ 2 ఓములకు పెరిగితే వచ్చేది 1.6 మాత్రమే. చలికాలం ఉదయం ఇంకా తగ్గుతుంది.

అవే నాలుగు స్లాట్లలో రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేయండి. మొత్తం 4.8 వోల్టులే అయినా లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి 3 యాంపియర్లు తేలిగ్గా దాటిస్తాయి. చిన్న 9 వోల్టుల డబ్బా బ్యాటరీ జోలికి మాత్రం పోకండి. దాని లోపల ఉన్నవి ఆరు బుల్లి సెల్స్, ఇంత కరెంటు ఇవ్వలేవు.

కొనేటప్పుడు అందరూ ఎంఏహెచ్ (బ్యాటరీలో మొత్తం ఎంత చార్జ్ పడుతుందన్న లెక్క) చూస్తారు. ఈ పనికి అది దాదాపు అనవసరం. 4 యాంపియర్ల చొప్పున 3 సెకన్లు, అలా 50 సార్లు నొక్కినా ఖర్చయ్యేది 170 ఎంఏహెచ్ లోపే. ఒక్కసారిగా ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదన్నదే అడగాల్సిన ప్రశ్న.

పవర్ బ్యాంక్ పెడితే అసలేమీ జరగదు

లోడ్ మరీ తక్కువగా ఉంటే పవర్ బ్యాంక్ తనంతట తనే ఆగిపోతుంది. ఇగ్నైటర్ లాంటిది తగిలితే షార్ట్ అనుకుని కట్ చేస్తుంది. దానికి మందు లేదు, మార్చేయండి.

మీటర్‌లో 12.6 వోల్టులు చూపిస్తోంది, ఫీల్డ్‌లో పనిచేయదు

యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఈ పనికి బంగారం, రెండు కిలోల పైచిలుకు బరువు మోయగలిగితే. కానీ చలికాలమంతా గరాజ్‌లో చార్జ్ లేకుండా పడేస్తే ప్లేట్లకు సల్ఫేట్ పట్టి, వోల్టేజీ చూపించి కరెంటు ఇవ్వనంటుంది. మీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. కారు హెడ్‌లైట్ 55 వాట్ల బల్బు తగిలించి కొలవండి. 12 దగ్గర నిలబడితే సరే. చూస్తుండగానే 10కి జారిపోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

బ్యాటరీ బాగుంటే వైరు చూడండి. పెద్ద మోటార్లకు 30 అడుగుల దూరం ఉండాలని ప్యాడ్ దాకా 10 మీటర్లు లాగితే, రానూ పోనూ 20 మీటర్లు. సన్నని 24 గేజ్ వైరు అయితే అదొక్కటే 1.7 ఓములు తినేస్తుంది, లావాటి 16 గేజ్ స్పీకర్ వైరుకి పావు ఓము. క్లిప్పుల మీద మసిని గరుకు కాగితంతో రుద్దడం మరిచిపోకండి.

మూడు మోటార్లలో ఒకటే అంటుకుంది

మూడూ ప్యారలల్‌లో ఉంటే ఆరేడు యాంపియర్లు కావాలి. పైన చెప్పిన లెడ్ యాసిడ్ గానీ, 11.1 వోల్టుల త్రీ సెల్ లైపో (లిథియం పాలిమర్) గానీ వాడండి. లైపో తేలిక, ధారాళంగా కరెంటిస్తుంది. క్లిప్పులు ఒకదానికొకటి తగిలితే వైర్లు కాల్చేసేంత ధారాళంగా! అందుకే పాజిటివ్ వైరులో, బ్యాటరీకి ఆనుకుని, 15 యాంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్ లేకుండా దాన్ని వాడొద్దు.

కీ పెట్టగానే, బటన్ నొక్కకముందే మోటార్ అంటుకుంది

అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. 6 వోల్టుల కంట్రోలర్‌కి 12 వోల్టులు ఇచ్చినప్పుడు, లేదా చిన్న కరెంటుకే మండే ఇగ్నైటర్లు వాడినప్పుడు, కంట్రోలర్ మీది పరీక్ష బల్బు గుండా ఇగ్నైటర్‌కి వెళ్ళే కరెంటే సరిపోతుంది. బల్బు తీసేసి, ఎల్ఈడీకి ఒక కిలో ఓము రెసిస్టర్ వేసి పెట్టండి. 12 వోల్టుల మీద సుమారు 10 మిల్లీ యాంపియర్లకు మించి పోదు. ఎల్ఈడీ పెట్టినా సరే, ప్యాడ్ దగ్గర మనిషి ఉండగా కీ పెట్టకూడదు. కీ మీ జేబులోనే ఉంచుకోండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఇగ్నైటర్ కాలింది, మోటార్ అంటుకోలేదు

బ్యాటరీ తన పని తను చేసింది. కొత్త ఇగ్నైటర్ కొన మోటార్ లోపలి మందుకు తగిలేలా లోపలిదాకా తోసి, దాన్ని పట్టి ఉంచే ప్లగ్ గట్టిగా బిగించి మళ్ళీ ప్రయత్నించండి.