సాంచాల (మరమగ్గాల) ఖార్ఖానాలో నిర్ణయం ఎక్కడ తప్పుతోంది?

సమస్య: తిడితే పని బాగుపడుతోంది, మెచ్చుకుంటే చెడుతోంది.

సిరిసిల్లలో ఏ షెడ్డుకు వెళ్లినా ఈ మాటే వింటాను. నేనూ చాలాకాలం నమ్మాను.

కారణం: డ్యామేజీ, అంటే గుడ్డలో పడే లోపాలు, రోజూ ఒకేలా ఉండదు. నూలు, తేమ, కరెంటు, మనిషి ఒంట్లో నలత, అన్నీ కలిసి ఒకరోజు పాడుచేస్తాయి. అంత ఘోరమైన రోజు తర్వాత వచ్చేది మామూలు రోజే, మనం తిట్టినా తిట్టకపోయినా. మెచ్చుకున్న రోజు సంగతీ అంతే. ఇజ్రాయెల్ వైమానిక దళం శిక్షకులు కూడా తిట్టడమే పనిచేస్తుందని వాదిస్తే, మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ అందులోని పొరపాటు ఇదేనని గుర్తించాడు.

పరిష్కారం: ఒక్కరోజు లెక్క చూసి ఎవరినీ పిలవకండి. మా ఖార్ఖానాలో ఒకతని ఐదు రోజుల మచ్చల లెక్క నోటుబుక్కులో ఇలా ఉంది: 4, 5, 3, 11, 4. ఆ 11 చూసి అందరి ముందు కేకలేశాను. తర్వాత చూస్తే ఆ రోజే కొత్త నూలు బస్తా విప్పాం. పక్క సాంచాల మీద కూడా పోగులు తెగాయి. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు రెండు వారాల లెక్క, నూలు లాటు, కరెంటు పోయిన గంటలు పక్కపక్కనే రాస్తున్నాం.

సమస్య: మార్పు చేశాం, దానివల్లే లాభం వచ్చిందో లేదో తేలట్లేదు.

కారణం: అన్ని సాంచాలకూ ఒకేసారి చేశారు. పోల్చి చూడటానికి ఏమీ మిగల్లేదు.

పరిష్కారం: చీటీలు వేసి సగం సాంచాలకే చేయండి. మంచి పనివాళ్లను ఏరుకుంటే లెక్క చెడిపోతుంది. రెండు వారాలకు అటువి ఇటు మార్చి మళ్లీ చూడండి. ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ బృందం కూడా ఇలాగే చీటీ వేసినట్టు విడదీసి పోల్చింది, ఆ అధ్యయనం 2013లో అచ్చయింది. కొన్ని యూనిట్లకు లోపాలు చూపించి వదిలేశారు, కొన్నిట్లో నెలల తరబడి పక్కనే ఉండి చేయించారు: డ్యామేజీ రోజూ రాయడం, మిషన్లు చెడకముందే చూసుకోవడం, నూలు స్టాకు సర్దడం. అలా చేయించిన చోట మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అవి వందల మంది పనిచేసే సంస్థలు, ఎనిమిది సాంచాల షెడ్డుకు ఆ అంకె అట్లాగే రాదు. పద్ధతి మాత్రం పైసా ఖర్చు లేకుండా మనకూ పనికొస్తుంది.

సమస్య: ఫైను వేస్తే ఆలస్యం ఇంకా పెరిగింది.

కారణం: ఫైను కడితే తప్పు తీరిపోయినట్టే అనిపిస్తుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాల నుంచి పిల్లల్ని ఆలస్యంగా ఇంటికి తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఫైను పెడితే ఆలస్యాలు పెరిగాయి, ఎత్తేశాక కూడా తగ్గలేదు. 2000లో వచ్చిన అధ్యయనం అది.

పరిష్కారం: మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి ఆలస్యమైతే ముందు నష్టపోయేది ఆయనే. కూర్చోబెట్టి, ఏం అడ్డమొస్తోందో అడగండి. షిఫ్టు అరగంట జరిపితే సరిపోతుందేమో, ఒక వారం చూడండి.