బరంపురంలో కౌన్సెలింగ్ ప్రాక్టీస్ పెట్టాలంటే

ముందు బోర్డు సంగతి. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎం.ఏ. సైకాలజీతో ఆగినవాళ్ళు కౌన్సెలర్ అనే రాసుకోండి, తప్పేం లేదు.

తర్వాత గది. నేను కొత్తలో మెయిన్ రోడ్డు పక్కనే తీసుకున్నాను. ఒకావిడ రెండోసారి రాలేదు. తర్వాత ఆవిడే ఫోన్ చేసి, "మా తోటికోడలు గుమ్మం దగ్గర నా చెప్పులు గుర్తుపట్టేసిందండీ" అంది. ఆ రోజే చెప్పుల స్టాండు లోపలికి మార్చాను. ల్యాబో ట్యూషన్ సెంటరో ఉన్న బిల్డింగ్ అయితే మేలు, ఎవరెందుకు మెట్లెక్కారో ఎవరికీ పట్టదు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య పావుగంట ఖాళీ ఉంచండి. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరిగే నెలలో సాయంత్రాలు మర్చిపోండి, ఆ జనంలో ఎవరూ టైముకి రాలేరు.

ఇక భాష. ఇక్కడి తెలుగువాళ్ళం బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. ఫారం నింపేదాకా ఒడియాలో మాట్లాడిన కుర్రాడు నాన్న మాట రాగానే తెలుగులోకి దిగిపోతాడు. మీరూ దిగండి. "డిప్రెషన్ ఉందా?" అంటే లేదంటారు. "అన్నం సయిస్తోందా? తెల్లారగట్ట మెలకువ వచ్చేస్తోందా?" అని అడిగి చూడండి, అరగంట చెబుతారు.

మందులు రాయడం మన పని కాదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. ఊళ్ళోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. మీరు ఫోన్ ఎత్తలేని అర్ధరాత్రుల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అపాయింట్‌మెంట్ కార్డు మీదే అచ్చు వేయించండి.

ఫీజు మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. చుట్టాలనీ, ఇంటి ఓనరు పిల్లలనీ తీసుకోవద్దు, వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపండి.

అన్నిటికన్నా కష్టం నోరు కట్టుకోవడం. గోప్యత క్లయింటు హక్కని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్పింది. ప్రాణం మీదికొచ్చే సంగతైతే దాచకూడదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ రెండూ మొదటి రోజే క్లయింటుకి చెప్పాలి. మిగతా వేళల్లో, పాతికేళ్ళ కొడుకుని తీసుకొచ్చిన పెద్దాయన మెట్ల దగ్గర ఆపి "మావాడు ఏం చెప్పాడమ్మా?" అంటే నా జవాబు ఒక్కటే: "వాడినే అడగండి బాబుగారూ, చెబుతాడేమో."