ఇంటి ప్లాన్ మార్చాలా? పిల్లర్లు లేవకముందే అడగండి

హైదరాబాద్‌లో ఇంటి పర్మిషన్‌కు అప్లై చేయడం 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చాక సులువైంది. పెట్టిన ఫైలులో మార్పు చేయాల్సి వచ్చినప్పుడే చాలామంది ఇరుక్కుంటున్నారు.

సమస్య: ఫైలు "షార్ట్‌ఫాల్" అని వెనక్కి వచ్చింది.

దస్తావేజులోని గజాలు, ప్లాన్‌లో గీసిన కొలతలు, స్థలంలో టేపు పెడితే వచ్చేవి ఒకదానితో ఒకటి కలవకపోతే ఇలా అవుతుంది. షార్ట్‌ఫాల్ అంటే ఫైలులో లోటు ఉందని చెప్పడమే, తిరస్కరణ కాదు. టెన్షన్ పడి కొత్త ఫైలు పెట్టకండి. అడిగిన కాగితం, సరిచేసిన డ్రాయింగ్ అదే ఫైలులో ఎక్కించండి. తప్పు దస్తావేజులోనే ఉంటే మాత్రం డ్రాయింగ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సవరణ దస్తావేజు చేయించుకోవాలి. దానికి అమ్మినవాళ్ల సంతకం కూడా కావాలి కాబట్టి వాళ్లను ముందే కలవండి.

సమస్య: వెంటనే వచ్చిన పర్మిషన్‌కు తర్వాత నోటీసు వచ్చింది.

600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి మీ స్వీయ ధ్రువీకరణ మీదే పర్మిషన్ ఇస్తారు, తనిఖీ ఆ తర్వాత జరుగుతుంది. మీరిచ్చిన వివరం తప్పని తేలితే పర్మిషన్ రద్దవుతుంది. పొరపాటు మీకే ముందు కనబడితే పని ఆపి ఆర్కిటెక్ట్‌తో సరిచేయించండి.

సమస్య: పర్మిషన్ ఉంది, ఇప్పుడు ఇంకో అంతస్తు కావాలి.

అబ్బాయి పెళ్లి కుదిరిందనో, అద్దె వస్తుందనో మధ్యలో ఈ ఆలోచన వస్తుంది. "వేసేద్దాం సార్, తర్వాత చూసుకోవచ్చు" అని మేస్త్రీ అంటాడు. దయచేసి ఆ మాట వినకండి. 2012 నాటి జీవో 168 ప్రకారం ఇంటి ఎత్తు పెరిగితే చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) కూడా పెరుగుతుంది. పిల్లర్లు లేచాక వాటిని లోపలికి జరపలేరు కదా! పునాది ఆ బరువు మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కగట్టి చెప్పాలి. అందుకే పని ఆపి, రివైజ్డ్ ప్లాన్ పెట్టి, మంజూరు వచ్చాకే ముందుకెళ్లండి. ఎత్తు 10 మీటర్లు దాటితే ఫైలు సింగిల్ విండోకు, అంటే అన్ని అనుమతులూ ఒకేచోట చూసే పద్ధతికి వెళ్తుంది, దానికి గడువు 21 రోజులు. అన్ని రోజులు కూలీలు ఖాళీగా ఉంటారని బాధ కలుగుతుంది, నిజమే. కానీ స్లాబ్ పగలగొట్టించే ఖర్చు ముందు అది చిన్నది.

ఇప్పటికే కట్టేశారా? సెట్‌బ్యాక్‌లో తేడా 10 శాతం లోపే ఉంటే జరిమానా కట్టించుకుని మన్నించే వీలు అధికారులకు ఉంది. అనుమతి లేని అంతస్తుకు ఈ వెసులుబాటు లేదు. "బీఆర్‌ఎస్ (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ స్కీమ్) మళ్లీ వస్తుందిలే" అనుకోవద్దు, 2015 నాటి స్కీమే హైకోర్టులో చిక్కుకుంది. ఈ రోజే పని ఆపి, కట్టినదంతా కొలిపించి, ఆ కొలతలతో ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లండి.