పంచాంగం తియ్యకుండానే హోర లెక్క
పని మొదలుపెట్టే ముందు ఇప్పుడు ఏ హోరో, అంటే ఏ గ్రహం ఏలే గంటో అని ప్రతిసారీ పంచాంగం తిరగేయడం విసుగు. వారాల పేర్లు వస్తే చాలు, వేళ్ల మీద తేలిపోతుంది.

సూర్యోదయం నుంచి మొదటి గంట ఆ రోజు అధిపతిది, అంటే ఆ వారం ఏ గ్రహం పేరు మీదుందో ఆ గ్రహానిది. ఆపైన గంటకోసారి వారం పేర్లలో రెండేసి వెనక్కి రావాలి. గురువారం 6:10కి సూర్యోదయం అనుకోండి. 7:10 దాకా గురు హోర. రెండు వెనక్కి వెళ్తే మంగళ, అంటే కుజ హోర. తర్వాత ఆది (సూర్య హోర), శుక్ర. చదువుకీ లెక్కలకీ చూసుకునే బుధ హోర 10:10కి మొదలు. ఎనిమిదో హోర మళ్లీ గురువుదే, అలా రాలేదంటే మధ్యలో ఎక్కడో ఒకటి దాటేసినట్టు.

సూర్యోదయం 6 గంటలకే అని ఏడాదంతా పట్టుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. మీ ఊరి సూర్యోదయమే తీసుకోండి. పగటిని 12 సమభాగాలు చేసే పద్ధతి మీదైతే వరుస ఇదే గానీ ఒక్కో హోర సరిగ్గా గంట ఉండదు.